చెవిపోగు లేని కోడి

మా శాఖలో ఒకప్పుడు లేని గేదెలకు వైద్యం చేసేవాళ్ళం. చాలా బాగా చేసేవాళ్ళం. ఒక్క మండలంలో, ఒక్క ఏడాదిలో, మూడువందల పన్నెండు గేదెలకు గాలికుంటు నయం చేశాం. ఒక్కటి కూడా చావలేదు. పుట్టనివి ఎలా చస్తాయి? చివరికి ఆడిట్ వాళ్ళు ఎండలో పడి ఆ మండలమంతా తిరిగి లెక్కపెడితే పందొమ్మిది గేదెలు తేలాయి. మిగిలిన రెండువందల తొంభైమూడూ ఎక్కడికి పోయాయని అడిగితే, నయమయ్యాక మేతకు వెళ్ళాయని మావాళ్ళు రాతపూర్వకంగా జవాబిచ్చారు.

తప్పు చేసినవాళ్ళకేమైందని అడక్కండి. ఇద్దరికి బదిలీ, ఒకాయనకు ప్రమోషన్. శిక్ష మాత్రం నోరులేని జంతువులకు పడింది. "ఇకమీదట చెవిపోగు లేని ఏ జీవికిని శాఖాపరమైన వైద్యశాలలయందు వైద్యము చేయరాదు" అని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. చెవిపోగంటే పశువు చెవికి కుట్టే పసుపుపచ్చ ప్లాస్టిక్ బిళ్ళ. దానిమీద పన్నెండు అంకెలుంటాయి. ఆ అంకెలు కంప్యూటర్లో పడితేనే మందుల బీరువా తెరుచుకుంటుంది, ఎక్స్‌రే తీస్తారు, ఆపరేషన్ థియేటర్ తాళం చేతికిస్తారు. కోళ్ళకు మాత్రం మినహాయింపు. వాటికి కుట్టడానికి చెవులు కనపడవు గనక రిజిస్టరులో తలకింత అని రాసుకుంటే చాలన్నారు.

లేని జంతువుకు చెవి ఉండదు, చెవి లేకపోతే పోగు ఉండదు, పోగు లేకపోతే మోసం ఉండదు. ఇదీ ఆ ఉత్తర్వు వెనకున్న తెలివి. జంతువు నిక్షేపంలా ఉండి చెవి ఒక్కటే లేకపోతే ఏం చెయ్యాలో అందులో రాయలేదు. కోడి కాకుండా అలాంటి జంతువు ఇంకోటి ఉంటుందని రాసినవాళ్ళకు తట్టలేదు. వాళ్ళలో పశువైద్యం చదువుకున్నవాళ్ళు ఆరుగురున్నారు.

నా పేరు హైమవతి. జిల్లా పశువుల పెద్దాసుపత్రిలో ఆపరేషన్లు చేసే డాక్టర్ని. ఈ గొడవలో అందరికన్నా తెలివైన పని చేసింది నేనే, ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఒక సోమవారం పొద్దున్న మా కాంపౌండరు నూకరాజు ఓపీ గదిలోకి పరిగెత్తుకొచ్చాడు.

"ఉడుమండి బాబూ, ఉడుము! కూరగాయల తట్టలో పెట్టుకుని తీసుకొచ్చేసిందండి!"

వెళ్ళి చూస్తే ఉడుమూ కాదు, ఏమీ కాదు. తడి గోనెపట్టా కింద పచ్చగా, మెడ నుంచి వీపు పొడుగునా ముళ్ళ జడతో, గడ్డం కింద వేలాడే తోలుతో, తోకతో కలిపి నాలుగున్నర అడుగుల ఇగ్వానా అనే సీమ బల్లి ఉంది. తట్ట పక్కన నిలబడ్డ మనిషి వరహాలమ్మ. రైతుబజారులో ఆకుకూరలమ్ముతుంది. కాలవ అవతల పేటలో ఇల్లు. మేడమీద గదిలో అద్దెకున్న ఇంజనీరింగు కుర్రాడు చదువైపోయి ఊరెళ్తూ, "రెండ్రోజుల్లో వచ్చి తీసుకెళ్తా ఆంటీ" అని దీన్ని ఆవిడకు అప్పగించాడట. అప్పుడు జానెడుండేది. ఆ రెండ్రోజులూ అయి నాలుగేళ్ళయింది.

"మా చిలకమ్మ మూడు వారాల్నించి ఆకు ముట్టట్లేదండి డాట్రమ్మ గారూ. పొట్ట సూడండి ఎలా ఉబ్బిపోయిందో. రాత్రీ పగలూ గోడ మూలలు గీకేత్తందండి. గోళ్ళన్నీ అరిగిపోయాయి. పిచ్చెక్కిందేమోనని మా పేటోళ్ళంతా భయపెట్టేశారండి."

పొట్ట తడిమాను. చర్మం కింద ఉసిరికాయల్లా వరసగా తగిలాయి.

"పిచ్చి కాదు వరహాలమ్మా. కడుపునిండా గుడ్లున్నాయి. ఇసకలో గొయ్యి తవ్వుకుని పెట్టుకోవాలి. నీ గచ్చు మీద తవ్వడానికేముంది? అందుకే గోడ గీకుతోంది."

"మగది లేకుండా గుడ్లేటండి?"

"పుంజు లేకుండా పెట్ట పెట్టదూ? అలాగే."

ఏం పెడుతున్నావంటే పాలకూర అంది. బజార్లో మిగిలిపోయేది అదే కాబట్టి ఎక్కువగా అదే పెట్టిందట. పాలకూర ఒంట్లోకి సున్నాన్ని, అంటే కాల్షియాన్ని, పోనివ్వదు. అవిసాకు, ములగాకు, మందారపూలు పెట్టాలి. నీరెండ ఒంటికి తగలాలి. గాజు కిటికీ వెనక నుంచి వచ్చే ఎండ పనికిరాదు. సున్నం చాలక కండరాలకు గుడ్లు బయటికి తోసే శక్తి కూడా లేదు. ఇవన్నీ చెప్పి, నా సొంత సంచీలోంచి కాల్షియం సూది ఇచ్చి, తొట్టినిండా తడి ఇసక పోసి అందులో పడుకోబెట్టమన్నాను. నాలుగేళ్ళుగా పాలకూర పెట్టి బిడ్డని పాడుచేసుకున్నానని ఆవిడ అక్కడే ఏడ్చేసింది.

తర్వాతి సోమవారం మళ్ళీ వచ్చింది. చిలకమ్మ ఇసకలో సగం గొయ్యి తవ్వి, అలసిపోయి, దాంట్లోనే చతికిలబడిందట. కళ్ళు లోపలికి పోయాయి. ఇక కోసి తియ్యాల్సిందే. వారం లోపల తియ్యకపోతే గుడ్లు లోపలే కుళ్ళి చచ్చిపోతుందని చెప్పాను. సూదిమందంటే నా సంచీలోంచి ఇవ్వగలను గానీ, మత్తు వాయువు పెట్టే యంత్రం సంచీలో పట్టదు. అది థియేటర్లో ఉంది. థియేటర్ తాళం కంప్యూటర్లో ఉంది.

కంప్యూటర్ నంబరడిగింది.

నేను జాయింట్ డైరెక్టరు సన్యాసిరావు గారి దగ్గరికి పోయాను. ఆయన మా జిల్లాకు శాఖాధిపతి, అందరికీ జేడీ గారు. ముప్పయ్యేళ్ళ సర్వీసులో ఆయన ముట్టుకున్న ఒకే ఒక జంతువు, ఆఫీసు గుమ్మంలో పడుకునే కుక్క. అది కూడా కాలికి అడ్డమొచ్చినప్పుడు. నేను చెప్పిందంతా కళ్ళు మూసుకుని విన్నారు.

"అమ్మా హైమవతీ, నిబంధనలు మనుషులు చేసినవే. కానీ చేసిన మరుక్షణం అవి మనుషులకు అతీతమైపోతాయి. చెవిపోగు వేయించు, నేనే స్వయంగా రిబ్బను కత్తిరించి థియేటరు తెరిపిస్తాను."

"దానికి చెవి లేదు సార్. తలకి రెండువైపులా పల్చటి పొర మాత్రం ఉంటుంది."

"లేదని నువ్వు అనరాదు. లేదని తేల్చే అధికారం చెవిపోగుల అధికారిది."

ఆ అధికారి పేరు రామలింగం. ఇప్పటికి లక్షా నలభైవేల చెవులకు పోగులు కుట్టాడు. జిల్లాలో ఏ పశువైనా ఆయన్ని చూస్తే తలకాయ తిప్పేసుకుంటుంది. మంగళవారం మధ్యాహ్నం పోగుల పెట్టె, పట్టకారులాంటి శ్రావణం పట్టుకుని వచ్చాడు. చిలకమ్మ తలను ఒక పక్క నుంచి చూశాడు, రెండో పక్క నుంచి చూశాడు, కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. ఉన్నట్టుండి మొహం వెలిగిపోయింది.

"ఏంటి మేడమ్ మీరు! పోగు ఉందిగా!"

ఇగ్వానాలకు చెవిపొర కింద, దవడ దగ్గర, అర్ధరూపాయంత గుండ్రటి పొలుసు ఒకటుంటుంది. నున్నగా మెరుస్తుంది. పుట్టుకతో వచ్చేదే. రామలింగం వేలు దాని మీదే ఉంది.

"అది పొలుసండీ."

"లక్షా నలభైవేలు కుట్టాను మేడమ్, నాకు తెలీదా? ఇంత గుండ్రంగా దేవుడు చేస్తాడా? ఎవరో ప్రైవేటుగా వేశారు. అంకెలు అరిగిపోయాయంతే."

అక్కడికక్కడే రిపోర్టు రాశాడు. "జీవికి ఉభయ పార్శ్వములందు పోగులు కలవు. అంకెలు చదువుటకు వీలుపడలేదు. నకలు పోగు జారీకి సిఫారసు చేయడమైనది." నకలు పోగు ఇవ్వాలంటే ఒక నియమముంది. అరిగిన పోగును ముందు ఊడదీసి ఆఫీసులో జమచెయ్యాలి. రామలింగం నియమం తప్పే మనిషి కాదు. శ్రావణం తీసి ఆ పొలుసు పట్టుకోబోయాడు. నేను చెయ్యి పట్టుకునే లోపల చిలకమ్మ, అంత నీరసంలోనూ, తోక తిప్పి చెంప మీద ఒక్కటిచ్చింది. చెవి నుంచి గడ్డం దాకా వాత తేలింది.

"బంగారు తల్లి" అన్నాడు నూకరాజు మెల్లగా.

రామలింగం రిపోర్టు కింద ఇంకో వాక్యం చేర్చాడు. "జీవి సహకరించలేదు."

బుధవారం జేడీ గారు నిపుణుల కమిటీ వేశారు. కమిటీ అంటే ఆయనా, రామలింగమూ, సభ్యకార్యదర్శిగా నేనూ. ఎజెండాలో ఒకే అంశం. ఈ జీవిని ఏ పద్దులో చేర్చవలెను? కంప్యూటర్లో ఉన్న పద్దులు ఏడు. ఆవు, గేదె, గొర్రె, మేక, పంది, కుక్క, కోడి. ఎనిమిదో పద్దు తెరవాలంటే రాజధానికి రాయాలి. అక్కడినుంచి జవాబు కోసం ఒకప్పుడు ఒక ఏనుగు పదకొండు నెలలు ఎదురుచూసింది. జవాబు వచ్చేనాటికి ఏనుగు లేదు.

"ఆకులు తింటుంది కాబట్టి మేక" అన్నాడు రామలింగం, చెంప మీద మందు రాసుకుంటూ.

"మేకయితే పోగు కావాలి" అన్నారు జేడీ గారు.

అప్పటికి రెండు గంటలు గడిచాయి. నా ఓపీ గదిలో వేడినీళ్ళ సీసాల మధ్య ఆ జంతువు ఒక్కో గంటా కరిగిపోతోంది. ఇంట్లో పెంచుకునే బల్లి కోసం ఇంత హడావుడా అని మీకనిపించొచ్చు. నాక్కూడా మొదట్లో అనిపించింది. కానీ గదిలో వరహాలమ్మ దాని నెత్తి మీద చెయ్యి వేసి, "ఇంకాసేపోర్చుకో, పెద్దోళ్ళు మాటాడుకుంటన్నారు" అనడం విని వచ్చాను. ఆ పెద్దోళ్ళలో నేనూ ఒకదాన్ని. సిగ్గేసింది, ఒళ్ళు మండింది. ఆ మంటలో నాకు తెలివి పుట్టింది.

"సార్, ఇది గుడ్లు పెట్టే జీవి. పుంజు లేకుండా పెడుతుంది. అలాంటిది మన పద్దుల్లో ఒకటే ఉంది."

జేడీ గారు కళ్ళు తెరిచారు. సర్వీసులో ఆయన కళ్ళు అంత పెద్దవి చెయ్యడం నేను చూడలేదు.

"కోడి!"

"కోడికి ఈకలుంటాయి కదండీ" అన్నాడు రామలింగం.

"ఇది అప్పుడప్పుడు పైచర్మం రాలుస్తుంది" అన్నాను.

"ఈకలు రాలిన దశ" అని జేడీ గారు రాయించారు.

"కాళ్ళు నాలుగండి."

"రెండు కాళ్ళుండవలెనని నియమమే గాని, రెంటికి మించి ఉండరాదని ఎక్కడుంది?"

సాయంత్రానికి ఉత్తర్వు తయారైంది. "గుడ్లు పెట్టు జీవి యగుటను బట్టియు, ఆ ఒక్క లక్షణమే ఆధారముగను, సదరు జీవిని పెరటి కోడిగా పరిగణించడమైనది. వర్ణన: రంగు ఆకుపచ్చ, కాళ్ళు నాలుగు, ఈకలు లేవు, తోక మూడడుగులు. కోడి యగుటచే చెవిపోగు అవసరము లేదు." ముగ్గురం సంతకాలు పెట్టాం. నా సంతకం అందరికన్నా పెద్దది. గురువారం పొద్దున్న ఎనిమిదింటికి థియేటరిస్తామన్నారు. నేను ఇంటికెళ్తూ నన్ను నేను మెచ్చుకున్నాను. మూర్ఖులతో వేగాలంటే వాళ్ళ భాషలో మాట్లాడాలని నూకరాజుకు ఉపన్యాసం కూడా ఇచ్చాను.

గురువారం ఏడున్నరకు ఊరి శివార్లలో ఒక కోళ్ళఫారంలో బర్డ్ ఫ్లూ తేలిందని వార్త వచ్చింది. ఫారం చుట్టూ కిలోమీటరు మేర ఉన్న కోళ్ళన్నిటినీ చంపి పూడ్చాలి. వ్యాధి పాకకుండా అలా చెయ్యడం సరైన పనే, నేను కాదనను. మా ఆసుపత్రి ఆ కిలోమీటరులో ఎనభై గజాలు లోపలికి ఉంది. ఆసుపత్రి రిజిస్టరులో ఉన్న కోళ్ళు ఒకటి.

ఎనిమిదింటికి థియేటరు తలుపు తెరిస్తే రామలింగం నిలబడి ఉన్నాడు. తల నుంచి కాళ్ళ దాకా తెల్లటి ప్లాస్టిక్ తొడుగు. చేతిలో రెండు గోనెసంచులు, చంకలో రిజిస్టరు. కోళ్ళ నిర్మూలన బాధ్యత కూడా ఆయనకే ఇచ్చారు. చెవులు లేని పనిలో ఆయనకు కొత్త ఉత్సాహం వచ్చినట్టుంది.

"కోడినప్పగించండి మేడమ్."

"రామలింగం గారూ, అది కోడి కాదని మీకు తెలుసు. నాకు తెలుసు."

"తెలియడం వేరు, సంతకం వేరు. మీ సంతకమిదిగో."

అప్పుడే చిలకమ్మ చటుక్కున తుమ్మింది. ముక్కు చుట్టూ తెల్లగా ఏదో అంటుకుంది. ఇగ్వానాలు ఒంట్లో ఎక్కువైన ఉప్పును ముక్కుల్లోంచి అలాగే తుమ్మి పారేస్తాయి. రామలింగం రెండడుగులు వెనక్కి వేశాడు.

"తుమ్ములు, ముక్కు కారడం. లక్షణాలు కూడా ఉన్నాయి. రాసుకుంటున్నాను."

గుమ్మంలో నిలబడి ఇదంతా విన్న వరహాలమ్మ నా వైపు చూసింది.

"కోడేటండి? దీన్ని కోడని రాసిందెవరండి?"

నేనే రాయించానని చెప్పాను. ఆవిడ గుమ్మం దిగి, రోడ్డు మీద కనబడిన ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. నన్ను తిట్టిపోస్తే బాగుండేదనుకున్నాను.

ఇక మిగిలింది వాళ్ళ కాయితమే. నిర్మూలన ఉత్తర్వు రామలింగం చేతిలోంచి లాక్కుని నాలుగు పేజీలూ చదివాను. మూడో పేజీలో దొరికింది. "నిర్మూలనకు పూర్వము గుడ్లను వేరుచేసి, లెక్కించి, సంచీలో మూసి ముద్ర వేయవలెను."

"గుడ్లు లెక్కపెట్టకుండా కోడిని ఎలా చంపుతారు రామలింగం గారూ?"

ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు. "నిజమే. గుడ్లెక్కడున్నాయి?"

"కడుపులో."

"అయితే తియ్యండి."

అలా మా శాఖ ఆధ్వర్యంలో, నిర్మూలన చర్యలో భాగంగా, ప్రాణం కాపాడే ఆపరేషన్ మొదలైంది. నూకరాజు మత్తు యంత్రం దగ్గర నిలబడ్డాడు. ఇగ్వానా పొట్ట మధ్యగీత మీద కత్తి పెట్టకూడదు. అక్కడ పెద్ద సిర ఉంటుంది. పక్కకు జరిగి కోశాను. గుడ్లు తెల్లగా, మెత్తగా, తోలుసంచుల్లా ఒక్కొక్కటే వచ్చాయి. తెల్ల తొడుగులో ఉన్న రామలింగం సంచీ పట్టుకుని పక్కనే నిలబడి, సంతలో ఎంచినట్టు పైకి ఎంచాడు. నలభైఒకటి. ఆ తర్వాత, మళ్ళీ ఇలాంటి కష్టం రాకుండా, గుడ్లు తయారుచేసే అండాశయాలు రెండూ తీసేశాను. నాలుగు తప్ప కుట్లన్నీ వేశాను. చిలకమ్మ ఊపిరి నిలకడగానే ఉంది.

రామలింగం సంచీకి ముద్ర వేసి చేతులు దులుపుకున్నాడు.

"ఇప్పుడు కోడినివ్వండి."

"ఏ కోడి? గుడ్లు పెట్టే జీవి అన్న ఒక్క లక్షణమే ఆధారంగా కోడి అన్నారు. ఇదిక ఈ జన్మలో గుడ్డు పెట్టదు. మీ ఉత్తర్వు మీరే చదువుకోండి."

ఆయన చదువుకున్నాడు. ఫోను తీసి జేడీ గారికి చేశాడు. అవతలి గొంతు నాక్కూడా వినిపించింది.

"గుడ్లు పెట్టదా? ఎన్నటికీ?"

"పెట్టదటండి. తయారుచేసే సామాను మేడమ్ తీసేశారండి."

అవతల కాయితాలు తిప్పిన చప్పుడు వినిపించింది.

"అయితే కోడి కాదు. పది గంటల పది నిమిషాల నుంచి కోడి కాదని రాయండి."

"మరేమిటండి?"

"అది మన పరిధిలోది కాదు."

నాకు గంతులెయ్యాలనిపించింది. మిగిలిన నాలుగు కుట్లూ వేసేశాను. మత్తు నుంచి తేరుకుంటున్న చిలకమ్మ పక్కన వేడినీళ్ళ సీసాలు సర్ది, వరహాలమ్మకు ఫోను చెయ్యమని నూకరాజుతో అంటూ బయటికొచ్చాను. ఆవిడ అప్పటికే ఆటో దిగుతోంది. చంకలో నల్లటి పెట్ట ఉంది.

"ఇదిగోనండి కోడి" అంది రొప్పుతూ, నన్ను దాటి నేరుగా రామలింగం దగ్గరికెళ్ళి. "మీ పుత్తకంలో ఒక కోడి కావాలంతే కదండీ? పిల్లప్పట్నించీ నేను పెంచుకున్నదేనండి, మా ఇంట్లో ఉన్న ఒక్కగానొక్కది. దీన్ని రాసేసుకోండి. దాన్నొగ్గెయ్యండి బాబూ."

"వరహాలమ్మా, అక్కర్లేదు, అది బతికింది, కోడిని తీసుకుపో" అని అరిచాను. వినిపించుకునే స్థితిలో ఆవిడ లేదు. రామలింగం పెట్టను చూస్తున్నాడు. అంతవరకు ఆయన రిజిస్టరులో ఒక గడి ఖాళీగా ఉంది. ఖాళీ గడి ఉంటే ఆయనకు అన్నం సయించదు.

రిజిస్టరు తెరిచి, వేలు పెట్టి పోల్చుకున్నాడు.

"రంగు ఆకుపచ్చ ఉండాలి, ఇది నలుపు. కాళ్ళు నాలుగుండాలి, ఇక్కడ రెండే. ఈకలుండకూడదు, ఉన్నాయి. తోక మూడడుగులు లేదు. క్షమించమ్మా, ఇది కోడి కాదు."

"కోడి కాకపోవడమేటండి బాబూ!"

"రికార్డు ప్రకారం కాదు."

"కాకపోతే సరే, తీసుకెళ్ళిపోతుంది" అన్నాను నేను. "అది కాలవ అవతలి నుంచి వచ్చిన కోడి. నాలుగు కిలోమీటర్ల దూరం. దానికే జబ్బూ లేదు."

"జోనులోకి వచ్చిన పక్షి బయటికి పోరాదు మేడమ్. ఆరో క్లాజు."

"ఇప్పుడే కదా కోడి కాదన్నారు?"

"కోడి కాదన్నాను. పక్షి కాదనలేదు."

రామలింగం పనిలో వేగం ఉన్న మనిషి. వరహాలమ్మ చంకలోంచి ఆ పెట్టను తీసుకున్నప్పుడు ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉంది, తను తెచ్చిన కోడిని ఒప్పుకున్నారనుకుని. ఎందుకు తీసుకున్నారో నేను చెప్పాల్సి వచ్చింది. చెప్పేసరికి పెట్టను వేసిన రెండో సంచీ కదలడం ఆగిపోయింది.

పది రోజుల తర్వాత నాకు మెమో వచ్చింది. "పది గంటల పది నిమిషముల వరకు కోడిగానున్న జీవికి తాము వేసిన కోత సక్రమము. అటుపిమ్మట కోడి కాని, చెవిపోగు లేని జీవికి శాఖ దారముతో వేసిన చివరి నాలుగు కుట్లు ఏ అధికారముతో వేసితిరో, వానిని ఏల తొలగించరాదో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను." సరీసృపాల చర్మం మెల్లగా అతుకుతుంది గనక కుట్లు ఆరువారాలు ఉంచాలని, ఆరువారాలయ్యాక నాలుగేం ఖర్మ, మొత్తం నేనే తొలగిస్తానని రాసి పంపించాను. నా సమాధానం సంతృప్తికరంగా ఉందని మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది.

చిలకమ్మను మళ్ళీ ఆసుపత్రికి తేవడానికి వీల్లేదు. అది ఇప్పుడు ఏ పద్దులోనూ లేదు. అందుకని ఆదివారాలు నేనే కాలవ దాటి వెళ్ళి చూసొస్తున్నాను. వరహాలమ్మ పెరట్లో ఇసకా, అవిస మొక్కా ఉన్నాయి. చిలకమ్మ ఎండలో రేకు మీద సాగిలపడి, మందారపూలు ఒక్కొక్కటే నమిలి మింగుతుంది. గాయం బాగా మానుతోంది. కోళ్ళ గూడు ఖాళీగా ఉంది. దాని తలుపు ఎవరూ వెయ్యలేదు.

మొన్న ఆదివారం కాఫీ గ్లాసు చేతికిస్తూ వరహాలమ్మ అడిగింది.

"డాట్రమ్మ గారూ, ఆ పుత్తకంలో మా పెట్ట గురించి ఏం రాశారండి? ఏదో ఒకటి రాసుంటారు కదండీ."

రాశారు. నేను చూశాను. మెమోకు జవాబివ్వడం కోసం రిజిస్టరు తెప్పించుకున్నప్పుడు, రామలింగం గుండ్రటి దస్తూరీలో కనిపించింది. "వర్ణన సరిపోలనందున ఇది కోడి కాదు. అయినను నాశనము చేయడమైనది." కింద తేదీ, సంతకం, ముద్ర.

ఆవిడ గ్లాసు వైపు కాకుండా నా మొహం వైపే చూస్తోంది.

"కోడనే రాశారు వరహాలమ్మా" అన్నాను. "మంచి నల్లపెట్ట అని రాశారు."